పాల వ్యాను బెల్టు వదులైతే

దివిసీమ ఊళ్ళ నుండి పాలు తెచ్చే వ్యాను తెల్లవారుజామున స్టార్టు కాగానే కీచుమని అరచి, కాసేపటికి ఊరుకుంటే కార్యదర్శులు తేలికగా తీసుకొనరాదు. డ్రైవర్లు డైనమో అనే ఆల్టర్నేటరు బెల్టు సాధారణంగా అలా జారుతుంది. స్టార్టుకు ఖర్చయిన కరెంటును బ్యాటరీకి నింపేటప్పుడు దానిపై భారం హెచ్చు.

తనిఖీలలో మేము తరచు వినేమాట 'బ్యాటరీ పోయింది, కొత్తది కొనాలి' అని. సంఘం సొమ్ము పెట్టేముందు బెల్టు చూడండి. మచిలీపట్నం, నాగాయలంక ప్రాంతాల ఉప్పుగాలికి టెర్మినళ్ళు చిలుము పడతాయి, వాటినీ తుడిపించండి. 12 వోల్టుల బండి నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు రావాలి.

పాత వ్యాన్లు చాలావాటిలో నీటి పంపు కూడా ఈ బెల్టుతోనే తిరుగుతుంది. బెల్టు తెగితే ఇంజను కాగిపోయి, బండి గుడివాడ రోడ్డు మీద నిలుస్తుంది. 4 డిగ్రీలకు చల్లబడవలసిన పాలు క్యానుల్లోనే పులుస్తాయి. నష్టపడేది పాలు పోసిన రైతే.

ఇంజను ఆపి, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే బెల్టు సుమారు అర అంగుళం దిగాలి. బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే ప్రమాణం. ఎక్కువ దిగితే ఆల్టర్నేటరు బోల్టులు వదులుచేసి, దానిని వెనక్కు జరిపి బిగించాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. పగిలిన, అంచులు నున్నగా మెరిసే బెల్టును మార్చవలసిందే. సబ్బు రాయడం వంటి చిట్కాలు మాకు సమ్మతం కావు. కొత్త బెల్టు సాగుతుంది గనుక రెండు మూడు రోజులకు మళ్ళీ నొక్కి చూడాలి.