దయ్యమనే ఒక్క మాట: గోదావరి అటవీ సరిహద్దులో మృతుల భయం, మృతుల గౌరవం

థాయ్‌లాండ్‌లోని బ్యాంకాక్, చియాంగ్‌మాయ్ వంటి నగరాలలో సాయంకాలం పూట యాత్రికులను దయ్యాలు తిరుగుతాయని చెప్పుకునే చోట్లకు నడిపించి, ఆ కథలు వినిపించే ఏర్పాట్లు ఉన్నాయి. వాటిలో మే నాక్ కథ ప్రసిద్ధమైనది. భర్త సైన్యంలో ఉండగా ఆమె ప్రసవంలో బిడ్డతో సహా మరణించిందని, అతడు తిరిగి వచ్చాక ప్రాణమున్నదానివలెనే కాపురం చేసిందని చెబుతారు. బ్యాంకాక్‌లోని వాట్ మహాబుత్ ఆవరణలో ఆమెకు ఒక మందిరం ఉంది. ఊరిని భయపెట్టిన ఆ స్త్రీకే నేడు జనులు దుస్తులు, ఆమె బిడ్డకు ఆటబొమ్మలు తెచ్చి అర్పిస్తారు.

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో ఇటువంటి యాత్రలు లేవు. అయినా చీకటి పడిన తరువాత ఎటు పోకూడదో ఇక్కడి ప్రతి పల్లెలో పశువులు కాసే పిల్లవానికి కూడా తెలుసు. ఈ ప్రాంతపు దయ్యాల నమ్మకాలలో ఏమేమి కలిసి ఉన్నాయో విడదీసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విడదీత కేవలం పాండిత్యం కోసం కాదు. ఇది కొన్నిచోట్ల మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయమని మేము భావిస్తున్నాము.

1. చీకటి పడ్డాక పల్లె

పల్లెలో భయమున్న చోట్లు దాదాపు అంతటా ఒకే రకంగా ఉంటాయి. ఊరి చివర చింతచెట్టు, వాగు దాటే చోటు, మూడుదారుల కూడలి, శ్మశానం. ఇవన్నీ ఊరికీ అడవికీ నడుమ ఉన్న హద్దులే. ఉరి వేసుకున్నవారు, నీట మునిగినవారు, ప్రసవంలో పోయినవారు, అంటే ఆయుష్షు తీరకుండా పోయినవారు అక్కడ తిరుగుతారని నమ్మిక. థాయ్ ప్రజలు కూడా దుర్మరణం పాలైనవారిని ఫీ తాయ్ హోంగ్ అని ప్రత్యేకంగా పిలుస్తారు. దూరాన రాత్రివేళ కదిలే వెలుగును మనవారు కొరివిదయ్యం అంటారు.

ఈ చోట్లన్నిటిలో ప్రాచీనమైనవి రాకాసిగుళ్లు. పినపాక మండలంలోని జానంపేట పరిసరాలలోను, గుండాల అడవులలోని దొంగతోగు వద్దను పెద్ద రాతిపలకలను నిలిపి, పైన కప్పురాయి పరచిన కట్టడాలు కనిపిస్తాయి. ఇవి రెండు వేల సంవత్సరాలకు పైబడిన ఇనుపయుగపు సమాధులని పురావస్తు శాస్త్రం చెబుతోంది. ఇటువంటి సమాధులలో ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. అంత బరువైన రాళ్లను మనుషులు ఎత్తలేరని తోచి, తరువాతివారు వాటిని రాక్షసుల పనిగా ఎంచారు. సమాధి కట్టినవారి పేరు మరుగున పడితే, వారి మృతుడు తరువాతివారికి రాక్షసుడైపోయాడు.

గోదావరి పొడవునా ఇటువంటి స్థలాలలో చేతులు చాచిన ఆకారంలో రాళ్లు కూడా ఉన్నాయి. 19వ శతాబ్దంలో వాటిని చూసిన ఐరోపావారు కొందరు క్రైస్తవ శిలువలు అనుకున్నారు. తరువాతి పరిశోధకులు అవి మానవాకృతి ప్రతిమలని గుర్తించారు. తమకు తెలియని సమాధిలో పల్లెవారు రాక్షసుని చూస్తే, ఆ దొరలు తమ మతాన్ని చూసుకున్నారు.

2. మృతులందరూ దయ్యాలు కారు

ఈ అడవులలోని కోయలు మృతులంటే భయపడేవారని మాత్రమే చెప్పడం సరికాదు. దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ 1870లలో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గురించి రాసిన విషయాలను 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ తన గ్రంథంలో వాడుకున్నారు. అందులో ఒక సంగతి గమనింపదగినది. పుట్టిన నెలలోపు చనిపోయిన శిశువును ఇంటిచూరు నీళ్లు సమాధి మీద పడేటట్లు ఇంటి పక్కనే పాతిపెట్టేవారు. అలా చేస్తే ఆ తల్లిదండ్రులకు మరల సంతానం కలుగుతుందని వారి ఆశ. ఇది తరిమివేయవలసిన దయ్యం కాదు, దగ్గర ఉంచుకోవలసిన బిడ్డ.

గోత్రాల వేల్పుల విషయం కూడా ఇటువంటిదే. పడిగె అనే గుడ్డపై చిత్రించిన వంశగాథలను డోలీలు డోలు మీద పాడతారు. మణుగూరు ప్రాంతానికి చెందిన డోలీ కళాకారుడు సకినె రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. ఆయన 2024లో మరణించారు. ఆయన పాడిన సమ్మక్క సారలమ్మల కథ కాకతీయ సైన్యంతో పోరాడి నేలకొరిగినవారి కథ. పల్లె లెక్క ప్రకారం దుర్మరణం పాలైనవారు దయ్యాలు కావాలి. కానీ మేడారంలో వారు తల్లులయ్యారు. రెండేండ్లకొకసారి లక్షలాది జనులు వారికి బంగారమనే పేరుతో బెల్లం అర్పిస్తారు. కాబట్టి మృతి ఎలా జరిగిందనే దానికంటే, మిగిలినవారు ఆ మృతులను ఎలా తలచుకుంటారనేదే ముఖ్యమని తేలుతోంది.

2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ముంపు గ్రామాలవారు ఇంటికి, పొలానికి పరిహారం అడగగలరు. వేల్పుల చోటుకు, చూరు కింది సమాధికి లెక్క కట్టే పద్ధతి లేదు. ఇటువంటివారి దుఃఖాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం తగదు.

3. గాలి, పూనకం, చేతబడి

జనుల వాడుకలో మూడు వేర్వేరు అనుభవాలు ఉన్నాయి. గాలి సోకడం అంటే భయపడిన చోట కలిగిన జ్వరం, వణుకు. పూనకం అంటే దేవత మనిషి మీదికి రావడం. దీనిని గౌరవంగానే చూస్తారు. చేతబడి, ఏజెన్సీలో కొందరనే చిల్లంగి, వీటికి భిన్నమైనవి. మొదటి రెండింటిలో కారణం కంటికి కనపడనిది. మూడవదానిలో కారణంగా బ్రతికి ఉన్న ఒక మనిషిని, తరచుగా ఒంటరి వితంతువును లేదా పొరుగింటి వృద్ధుని, వేలెత్తి చూపుతారు. మంత్రాల నెపంతో కొట్టడం, వెలివేయడం, చంపడం వరకు పోయిన సంఘటనలు తెలుగు పత్రికలలో పదేపదే వచ్చాయి.

ఈ నింద చాలాసార్లు జబ్బుతో మొదలవుతుంది. ఈ అడవులలో ఫాల్సిపారం మలేరియా చాలాకాలంగా ఉన్నది. అది మెదడుకు పాకితే మూర్ఛలు, పలవరింత, మనుషులను గుర్తుపట్టలేని స్థితి కలుగుతాయి. చూసేవారికి అది పట్టినట్లే ఉంటుంది. ఆశా కార్యకర్త ఒక్క రక్తపు బొట్టుతో చేయగల పరీక్ష చేయించకుండా రెండు రాత్రులు గడిచిపోతే రోగి ప్రాణం పోవచ్చు. ఆపైన ఆ చావుకు కారకుడెవరని వెదకడం మొదలవుతుంది.

పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ 2005లో చేసిన చట్టం ప్రకారం ఒకరిని టోనహీ, అనగా మంత్రగత్తె, అని ముద్ర వేయడమే నేరం. ఒడిశా 2013లో ఇటువంటి చట్టం చేసింది. కొట్టినవారినే కాక, పేరు పెట్టినవారిని కూడా శిక్షించడంలో ఉన్న వివేకాన్ని మనం గ్రహించాలి.

4. తెలుగు బైబిలులో దయ్యము

ఇక్కడ అనువాదపు ప్రశ్న ఒకటి ఉంది. సువార్తలలోని దైమోనియోన్ అనే గ్రీకు పదానికి మన బైబిలులో దయ్యము అని ఉంది. ఈ రెండు మాటల చరిత్ర ఒకదానినొకటి పోలినది. దయ్యము దైవము యొక్క తద్భవం. పాత తెలుగులో దానికి దేవత, విధి అనే అర్థాలున్నాయి. గ్రీకులో దైమోన్ కూడా మొదట దివ్యశక్తియే. అయితే నేటి పల్లె చెవికి దయ్యమంటే చచ్చినవాని ఆత్మ. మార్కు 5వ అధ్యాయంలోని మనిషి సమాధులలో నివసించేవాడు. ఆ భాగం చదివినప్పుడు రాకాసిగుళ్ల పక్కన పెరిగిన శ్రోత అతనిని పట్టినది ఫలానా మృతుడే అని సహజంగా అనుకుంటాడు. సువార్త ఆ మాట చెప్పడం లేదు. అపవిత్రాత్మ అని మాత్రమే చెబుతోంది.

చచ్చినవారు కనిపించడం అనే భావానికి మన అనువాదకులు భూతము అనే వేరొక మాట వాడారు. మత్తయి 14లో శిష్యులు నీటి మీద చూసి కేకలు వేసినదీ, లూకా 24లో పునరుత్థానుని చూసి భ్రమపడినదీ భూతమనే. ఆ రెండు చోట్లా అది పొరపాటుగానే తేలింది. ఈ భేదాన్ని బోధకులు స్పష్టం చేయకపోతే, ప్రార్థన కూటంలో దయ్యము అనే మాట నుండి ఎవరి దయ్యము, ఎవరు పంపారు అనే ప్రశ్నకు ఒక్క అడుగు దూరమే ఉంటుంది.

ముగింపు

థాయ్ భాషలో ఫీ అనే ఒకే మాట పితరులకు, దుర్మరణ మృతులకు, ఫీ పోప్ అనే నిందకు కూడా చెల్లుతుంది. ఫీ పోప్ ఉన్నదని ఎంచబడినవారిని ఊరు నుండి వెళ్లగొట్టేవారు. 19వ శతాబ్దం చివర ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఊబోన్ ప్రాంతంలో కాథలిక్ మిషనరీలు అటువంటివారికి ఆశ్రయమిచ్చారు. అక్కడ ఏర్పడిన తొలి క్రైస్తవ సమాజాలలో వారూ ఉన్నారు. ఆ మిషనరీలు దయ్యాలున్నాయా లేవా అనే చర్చ ముగిసేదాకా వేచి ఉండలేదు. నింద పడినవారికి ముందుగా ఉండడానికి చోటు చూపించారు.

భద్రాచలం అడవులలో పరిచర్య చేసేవారికి దీనినుండి మూడు సూచనలు చేయదలచాము. జ్వరం, మూర్ఛ ఉన్నవారిని మొదట రక్తపరీక్షకు పంపాలి, ప్రార్థన దానితో పాటు జరగవచ్చు. పెద్దలను తలచుకునే కోయ కుటుంబాన్ని చేతబడితో కలిపి మాట్లాడకూడదు. ఏ ప్రార్థనలోను, ఏ సాక్ష్యంలోను జబ్బుకు కారణంగా బ్రతికి ఉన్న మనిషి పేరు ఎత్తనివ్వకూడదు. ఎవరైనా ఎత్తితే, ఆ రాత్రే కాపరి వెళ్లి ఆ పేరుగలవారి గుమ్మంలో కూర్చోవాలి.