కేబీఆర్ పార్కులో ట్రైల్ రన్నింగ్: మీ షూ కింద ఏం మోసుకెళ్తున్నారో చూశారా?

ఈ రోజు టాపిక్ ట్రైల్ రన్నింగ్. అంటే తారు రోడ్డు మీదో, ట్రెడ్‌మిల్ మీదో కాకుండా మట్టిబాట మీద, రాళ్లూ వేర్లూ చూసుకుంటూ పరిగెత్తడం. దీనికోసం హిమాలయాల దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ నడిబొడ్డున, జూబ్లీహిల్స్ పక్కనే దాదాపు 400 ఎకరాల అడవి ఉంది. అదే కేబీఆర్ పార్కు, పూర్తి పేరు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. చాలామంది దీన్ని వాకింగ్ పార్కు అనుకుంటారు. కాదు బాస్, ఇది నేషనల్ పార్కు. కజిరంగాకి వర్తించే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే దీనికీ వర్తిస్తుంది. 2016లో చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టేస్తారని తెలిసి నగరం జనం రోడ్డెక్కింది కూడా ఈ అడవి కోసమే.

ముందు ఒంటి సంగతి చూద్దాం. ట్రెడ్‌మిల్ మీద ప్రతి అడుగూ కాపీ పేస్టే. అవే కండరాలు, అదే కోణం, వేల సార్లు. మట్టిబాట మీద ఏ రెండు అడుగులూ ఒకేలా పడవు. ఒకసారి రాయి, ఒకసారి గుల్ల మట్టి, ఒకసారి ఏటవాలు. అందుకే మడమ చుట్టూ ఉండే చిన్న కండరాలూ, బ్యాలెన్స్ చూసుకునే నరాలూ ప్రతి సెకనూ పని చేస్తూనే ఉంటాయి. రోజంతా కుర్చీలో కూర్చుని కోడ్ రాసే నాలాంటి వాళ్లకి ఈ పని చాలా అవసరం. కాకపోతే రోడ్డు మీద వచ్చే స్పీడ్ ఇక్కడ రాదు, రావాలని చూడొద్దు కూడా. వాచీలో పేస్ చూడటం మానేసి, పక్కవాడితో రెండు ముక్కలు మాట్లాడగలుగుతున్నారా లేదా అనేది చూసుకోండి. మాట్లాడగలిగితే సరైన వేగంలో ఉన్నట్టే. ఎత్తు వస్తే నడవండి, అందులో నామోషీ ఏం లేదు. దిగేటప్పుడు అడుగులు చిన్నవి చేయండి. చూపు కాళ్ల మీద కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు పరిగెత్తే ఈ నేల ఏంటి? ఇది దక్కన్ పీఠభూమి. కింద ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పైన మట్టి పొర పలచన, వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇలాంటి చోట బతకడానికి ఇక్కడి మొక్కలు తమ టైమ్‌టేబుల్ తామే రాసుకున్నాయి. ఎండలు ముదరకముందే ఆకులు రాల్చేస్తాయి, నీళ్లు ఆదా అవుతాయి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూస్తుంది. ఏప్రిల్, మేలో రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. వానలయ్యాక బతుకమ్మ టైముకి తంగేడు. వేసవిలో ఎండిపోయినట్టు కనిపించే ఈ పొదల్ని చూసి 'వేస్ట్ ల్యాండ్' అంటారు కదా, అది చచ్చిన అడవి కాదు, స్లీప్ మోడ్‌లో ఉన్న అడవి.

వీటి మీద ఆధారపడ్డవి చాలా ఉన్నాయి. ఒక్క ఉదాహరణ చెప్తా. దారిలో లేత పసుపు రంగు సీతాకోకచిలుకలు గుంపులుగా ఎగురుతుంటాయి. వాటిలో కొన్ని జాతులు రేల, తంగేడు లాంటి మొక్కల మీదే గుడ్లు పెడతాయి, ఎందుకంటే వాటి గొంగళిపురుగులు తినేది ఆ ఆకులే. ఆ మొక్కలు పోతే వాటి పిల్లలకి తిండి లేనట్టే.

మరి ఆ మొక్కలు ఎందుకు పోతాయి? ఒక కారణం మన గల్లీలోనే ఉంది. వయ్యారిభామ. తెల్లటి చిన్న చిన్న పూలతో రోడ్డు పక్కన, ఖాళీ ప్లాట్లలో కనిపిస్తుంది చూడండి, అది. అమెరికా ఖండాల మొక్క. 1950ల్లో పుణెలో గుర్తించారు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఒక్కో మొక్క వేల కొద్దీ గింజలు వేస్తుంది. దాని నుంచి వచ్చే రసాయనాలు పక్క మొక్కల్ని మొలవనివ్వవు. మనుషులకి తుమ్ములు, చర్మం మీద దద్దుర్లు. లాంటానా, సర్కారు తుమ్మ కూడా ఇలా బయటి నుంచి వచ్చి పాతుకుపోయినవే. అలాగని బయటి నుంచి వచ్చినవన్నీ విలన్లు కాదు. సీతాఫలం కూడా అమెరికా నుంచి వచ్చిందే, పేరు చూసి మనదే అనుకుంటాం! గొడవ ఎక్కడంటే, వచ్చింది పక్కవాళ్లకి చోటు లేకుండా చేసినప్పుడు.

ఇక్కడ రన్నర్ పాత్ర ఉంది. ట్రైల్ షూ కింద లోతైన గాళ్లు ఉంటాయి, గ్రిప్ కోసం. వాటిలో బురద ఇరుక్కుంటుంది, బురదలో గింజలు. సాయంత్రం కాలనీ ఖాళీ ప్లాటు మీదుగా నడిచి, పొద్దున అవే షూతో అడవిలోకి వెళ్తే, మనం ఫ్రీగా విత్తనాలు డెలివరీ చేస్తున్నట్టు. అందుకే ఒక పాత టూత్‌బ్రష్ పెట్టుకోండి. బయల్దేరే ముందే షూ అడుగు, లేసులు, సాక్సులు దులపండి. ఒక్క నిమిషం పని.

రెండోది, దారి వదలొద్దు. ఎవరూ తొక్కని నేల మీద మొదట పడే కొన్ని అడుగులే ఎక్కువ నష్టం చేస్తాయి. మట్టి గట్టిపడుతుంది, నీళ్లు ఇంకవు, మొలకలు రావు. ఆల్రెడీ ఉన్న బాట మీద ఇంకో వంద అడుగులు పడినా పెద్ద తేడా ఉండదు. వానాకాలంలో గుంట వస్తే అందరూ పక్క నుంచి వెళ్తారు, ఏడాది తిరిగేసరికి బాట రెట్టింపు వెడల్పవుతుంది. కాబట్టి గుంటలోంచే వెళ్లండి. షూ ఉతుక్కోవచ్చు, అడవిని ఉతికి ఆరేయలేం.

మూడోది, ఇయర్‌ఫోన్స్ తీసేయండి. నెమళ్ల అరుపు వినిపిస్తుంది, ముందు పొదలో ఏదైనా కదిలితే అదీ వినిపిస్తుంది. పాములుండే చోటు ఇది, చెవులు మనకి సేఫ్టీ.

ఈ ఆదివారం వెళ్తున్నట్టయితే ఎంట్రీ టైమింగ్స్ కనుక్కుని వెళ్లండి. ఒక టాస్క్ ఇస్తున్నా: ఎన్ని కిలోమీటర్లు అనేది తర్వాత, తిరిగొచ్చేలోపు ఐదు మొక్కలు పేరుతో గుర్తుపట్టండి. తంగేడుతో మొదలుపెట్టండి, ఈజీ. నచ్చితే మీ రన్నింగ్ గ్రూపులో షేర్ చేయండి.