షాలిమార్‌కు వెళ్లిన సరకుల పట్టీ

వ్యవసాయ వ్యాపారంలో ఎంబీఏ చేస్తే ఏమొస్తుంది? అడ్మిషన్ల వేళ ముఖచిత్ర కథనానికి సంపాదకులు అప్పగించిన ప్రశ్న ఇది. కాలేజీల బ్రోషర్లు ఎన్ని తిరగేసినా ఫీజులు, సీట్లు, ప్యాకేజీలే. వాటన్నిటికన్నా ప్రాణమున్న కాగితం రైల్వే వైపు దొరికింది. 2020 డిసెంబరు 28న రైతుల పంటలు మోసే నూరో కిసాన్ రైలును ప్రధాని ప్రారంభించినప్పుడు కేంద్రం విడుదల చేసిన ప్రకటన అది. మహారాష్ట్రలోని సంగోలాలో బయలుదేరిన ఆ రైలు గమ్యం పశ్చిమ బెంగాల్‌లోని షాలిమార్.

షాలిమార్ అంటే కోల్‌కతాకు హుగ్లీ నది అవతలి ఒడ్డు, హౌరా వైపు. చాలాకాలం సరకుల స్టేషన్‌గానే ఉండేది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లే ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఆగేదీ అక్కడే కాబట్టి మనవాళ్లకు ఆ పేరు కొత్త కాదు.

ఆ ప్రకటనలో సరకుల పట్టీ ఉంది. కాలీఫ్లవర్, క్యాప్సికం, క్యాబేజీ, మునక్కాయలు, మిర్చి, ఉల్లి. పండ్లలో ద్రాక్ష, కమలా, దానిమ్మ, అరటి, సీతాఫలం. చదవడానికి సంత సంచిలా ఉంటుంది. కానీ దీన్ని ఒక్క రైల్లో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు చేర్చడం ఎలా అని అడిగితే, రెండేళ్ల కోర్సులో సగం పాఠం ఇందులోనే ఉంది.

ద్రాక్ష నిలవాలంటే సున్నా డిగ్రీలకు దగ్గరగా చల్లదనం కావాలి. అదే చలిలో అరటి పెడితే తొక్క నల్లబడుతుంది, దానికి 13 డిగ్రీలకు తగ్గకూడదు. క్యాబేజీకి గాలిలో తేమ ఉంటేనే తాజాదనం. ఉల్లికి తేమ తగిలిందా, కుళ్లు మొదలు. మాగుతున్న అరటి, సీతాఫలం ఇథిలీన్ వాయువు వదులుతాయి. ఆ వాయువు సోకితే పక్కనున్న కాలీఫ్లవర్ పసుపుబారుతుంది. 2020 బడ్జెట్‌లో కిసాన్ రైలును ప్రకటించినప్పుడు శీతల బోగీల మాట వినిపించినా, పట్టాలెక్కినవి ఎక్కువగా మామూలు పార్సిల్ బోగీలే. అప్పుడు ఏది ఏ బోగీలో ఎక్కాలి, ఏది ముందు దిగాలి, ఏది అసలు ఎక్కకూడదు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడే రైతుకు కావలసిన మేనేజరు.

చిన్న రైతుకు ఈ రైలు నచ్చడానికి కారణం వేరే ఉంది. దారిలో ఏ స్టాపులోనైనా సరకు ఎక్కించే, దింపే వీలుండేది. ఇంత బరువుండాలన్న నిబంధన ఉండేది కాదు. మూడు కిలోల దానిమ్మ ప్యాకెట్ కూడా కిసాన్ రైల్లో వెళ్లిందని ప్రధాని ఆ రోజు ప్రసంగంలో చెప్పారు. పండ్లు, కూరగాయల రవాణా చార్జీలో సగం రాయితీ ఉండేది. 2023 జనవరి చివరికి కిసాన్ రైళ్లు 2,359 ట్రిప్పుల్లో దాదాపు 7.9 లక్షల టన్నులు మోశాయి. భాగిస్తే ట్రిప్పుకు సుమారు 335 టన్నులు. రాయితీ తీసేస్తే ఆ 335 టన్నులకు లారీ గిట్టుబాటా, రైలా? పరీక్షలో అడగాల్సిన లెక్క ఇది. కిసాన్ రైలు మనకు పరాయిదీ కాదు: దక్షిణాదిలో తొలి కిసాన్ రైలు 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచే ఢిల్లీకి కదిలింది.

ఈ వ్యవసాయ వ్యాపార చదువు చరిత్ర రెండు ముక్కల్లో: 1961లో అహ్మదాబాద్ ఐఐఎం, 1979లో క్షీర విప్లవ సారథి కురియన్ చొరవతో ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మా, 1987లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్ వచ్చాయి. మేనేజ్‌లో అగ్రి బిజినెస్ పీజీ డిప్లొమా 1996లో మొదలైంది. అదే రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్‌లోనూ ఇలాంటి కోర్సు ఉంది.

అయితే ఒక అనుమానం తీరదు. ఈ పట్టభద్రుల కోసం క్యాంపస్‌కు వచ్చేవాటిలో విత్తన, ఎరువుల, పురుగుమందుల కంపెనీలు, బ్యాంకులు ముందుంటాయి. అంటే రైతుకు అమ్మే కొలువులు. రైతు పంటను అమ్మిపెట్టే కొలువు ఎక్కడ? 2020లో మొదలైన పదివేల ఎఫ్‌పీఓల పథకంలో ఆ కుర్చీ ఉంది: రైతు ఉత్పత్తిదారుల సంఘానికి సీఈఓ. కానీ ఆ జీతానికి మార్గదర్శకాల్లో రాసిన సాయం నెలకు గరిష్ఠంగా 25,000 రూపాయలు. లక్షలు ఫీజు కట్టిన కుర్రాడు ఆ కుర్చీలో ఎందుకు కూర్చుంటాడు? సంగోలా దానిమ్మకు షాలిమార్‌లో కొనేవాణ్ని వెతకాల్సింది ఆ సీఈఓనే. ఆ జీతం పెంచనిదే ఇన్ని కోర్సులు పెట్టినా రైతుకు ఒరిగేది తక్కువ.

సీటు కావాలంటే

మేనేజ్‌లో చేరడానికి వ్యవసాయం లేదా దాని అనుబంధ శాస్త్రాల్లో డిగ్రీతో పాటు క్యాట్ స్కోరు ఉండాలి.

ఉద్యోగం వద్దు, సొంతంగా చేస్తామంటే

2002లో మొదలైన అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం ఉంది. వ్యవసాయ పట్టభద్రులకు 45 రోజుల ఉచిత శిక్షణ. శిక్షణ బాధ్యత మేనేజ్‌ది, రాయితీ వచ్చేది నాబార్డు ద్వారా. ఒక్కరికి 20 లక్షల వరకు, అయిదుగురి బృందానికి కోటి రూపాయల వరకు ప్రాజెక్టులకు రాయితీ వర్తిస్తుంది. రాయితీ 36 శాతం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం.