వాన చినుకును ఒంటిమీదే పట్టుకునే గిలక పాము

అమెరికా నైరుతి ప్రాంతం నుంచి వాయవ్య మెక్సికో వరకు విస్తరించిన సోనోరన్ ఎడారిలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సర్వసాధారణం. ఇసుక నేల అంతకు మించి కాలుతుంది. ఒంటి వేడిని తానే అదుపు చేసుకోలేని పాము అలాంటి ఎండలో కొద్దిసేపు చిక్కుకున్నా ప్రాణానికే ముప్పు. అయినా ర్యాటిల్‌స్నేక్ అనే గిలక పాములు అక్కడ తరతరాలుగా మనుగడ సాగిస్తున్నాయి.

వేసవిలో పగలంతా ఎలుకల బొరియల్లోనో, రాళ్ల నీడనో గడిపి, చీకటి పడ్డాక ఇవి వేటకు బయలుదేరుతాయి. కంటికి, ముక్కురంధ్రానికి మధ్యనున్న చిన్న గుంత ఎలుక ఒంటి నుంచి వెలువడే వేడిని పసిగడుతుంది. అందువల్ల కటిక చీకటిలోనూ ఇవి గురి పెట్టగలవు. సైడ్‌వైండర్ అనే చిన్న జాతి కళ్లు మాత్రమే పైకి కనిపించేలా ఇసుకలో కూరుకుని కాపు వేస్తుంది. వదులు ఇసుకపై పక్కకు జరుగుతూ సాగడం దాని ప్రత్యేకత.

ఆహారం లేకుండా గిలక పాము నెలల తరబడి ఉండగలదు. అసలు చిక్కు నీటితోనే; ఎలుక మాంసంలోని తేమ ఒక్కటే దానికి చాలదు. అందుకే వాన పడగానే డైమండ్‌బ్యాక్ జాతి పాము బయటికి వచ్చి, చుట్ట చుట్టుకుని, ఒంటిని పళ్లెంలా పరిచి, పొలుసులపై నిలిచిన చినుకులను తాగుతుంది. ఆ పొలుసులపై ఉన్న అతిసూక్ష్మ నిర్మాణం నీటిబొట్టు జారిపోకుండా పట్టి ఉంచుతుందని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో వెల్లడించారు.

తోక చివరి గిలక మన గోళ్లలోని పదార్థంతోనే ఏర్పడుతుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ ఒక కణుపు చేరుతుంది. చివరివి విరిగిపోతూ ఉంటాయి. కాబట్టి కణుపులు లెక్కించి వయసు చెప్పడం వట్టి అపోహే.

భారతదేశంలో గిలక పాములు లేవు. అయితే తెలుగు రాష్ట్రాల మెట్ట నేలల్లోనూ కనిపించే చిన్న పింజర ఇలాగే పక్కకు పాకుతుంది. గిలకకు బదులు పొలుసులను ఒకదానితో ఒకటి రాపాడించి హెచ్చరిస్తుంది.

సోనోరన్‌కు జూలైలో రుతుపవనాలు వస్తాయి. ఆ వానల కాలంలోనే, వేసవి చివర్లో, తల్లి పాములు గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలను కంటాయి. చాలా జాతుల్లో ఆడ పాము ఏటా ఈనదు. రాత్రివేళ వేడి ఇంకా చల్లారని తారు రోడ్లపైకి చేరి వాహనాల కింద నలిగిపోయే పాముల లోటు అందుకే త్వరగా పూడదు.