‘మీ బ్రౌజర్‌కు సపోర్ట్ లేదు’ అంటున్న వెబ్‌సైట్లు.. పేరు మార్చగానే ఎలా ఓపెన్ అవుతున్నాయ్?

ఫీజు కట్టేందుకు లింక్ నొక్కితే పేజీ రాదు. బదులుగా ఓ మెసేజ్ కనిపిస్తుంది. ‘మీ బ్రౌజర్‌కు సపోర్ట్ లేదు, క్రోమ్ వాడండి’. నెట్ బాగానే ఉంది. ఫోన్ కూడా బాగానే ఉంది. మీరు వాడేది ఫైర్‌ఫాక్సో, వివాల్డీనో కావడమే అక్కడ సమస్య. విచిత్రం ఏంటంటే.. అదే బ్రౌజర్ తన పేరు క్రోమ్ అని చెప్పుకుంటే చాలాసార్లు ఆ సైట్ మామూలుగానే తెరుచుకుంటుంది! ఇంతకీ ఇందులో మతలబు ఏంటి?

సైట్ ఓపెన్ చేసిన ప్రతిసారీ బ్రౌజర్ తన పరిచయాన్ని ఓ లైన్‌లో సర్వర్‌కు పంపుతుంది. దీన్నే యూజర్ ఏజెంట్ అంటారు. బ్రౌజర్ పేరు, వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలు అందులో ఉంటాయి. కొన్ని సైట్లు ఈ పేరును తమ లిస్టుతో పోల్చి చూస్తాయి. లిస్టులో లేకపోతే గేటు మూసేస్తాయి. ఆ బ్రౌజర్‌కు నిజంగా పని చేతనవుతుందా లేదా అన్నది పరీక్షించవు. బస్సు ఎక్కినవాళ్లను టికెట్ అడగకుండా, ఊరు పేరు అడిగి దించేసినట్టు అన్నమాట.

పేరు కాకుండా పని చూసే పద్ధతి లేకపోలేదు. ఫలానా ఫీచర్ ఈ బ్రౌజర్‌లో ఉందా అని కోడ్‌తోనే అడగొచ్చు. ఉంటే వాడుకోవచ్చు, లేకపోతే సాదా పేజీ చూపించొచ్చు. వెబ్ డెవలపర్లకు ఇది ఏళ్లుగా తెలిసిన సంగతే. కానీ పేరు చూసి ఆపేయడం తేలిక. ఒక్క బ్రౌజర్‌లో టెస్ట్ చేసి పని అయిపోయిందనుకోవచ్చు.

పెద్ద కంపెనీలదీ ఇదే దారి

వాట్సాప్ వెబ్ 2015 జనవరిలో వచ్చినప్పుడు క్రోమ్‌లో మాత్రమే పనిచేసింది. ఫైర్‌ఫాక్స్, ఒపేరా వాళ్లకు మరుసటి నెలలో అందింది. 2019లో స్కైప్ కొత్త వెబ్ వెర్షన్ క్రోమ్, ఎడ్జ్ తప్ప మిగతా వాటిని పక్కన పెట్టింది. అయితే ప్రతిసారీ ఇది బద్ధకమే అనలేం. 2017లో గూగుల్ ఎర్త్ వెబ్ వెర్షన్ క్రోమ్‌కే పరిమితమైంది. దానికి వాడిన టెక్నాలజీ అప్పట్లో క్రోమ్‌లోనే ఉంది మరి. అందరికీ పనికొచ్చే టెక్నాలజీకి మారాక, 2020లో ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, ఒపేరాల్లోనూ వచ్చింది.

అందరూ మారుపేర్లే

ఈ పేర్ల గోల 1990ల నాటిది. అప్పట్లో నెట్‌స్కేప్ బ్రౌజర్ తనను మొజిల్లా అని పరిచయం చేసుకునేది. కొన్ని సైట్లు మొజిల్లా అన్నవాళ్లకే మంచి పేజీలు పంపేవి. దాంతో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా తానూ మొజిల్లానే అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చినవాటిలో చాలావరకు అదే బాట పట్టాయి. ఇవాళ్టికీ క్రోమ్ పంపే పరిచయం మొజిల్లాతో మొదలవుతుంది, చివర్లో సఫారీ పేరు ఉంటుంది. మధ్యలో ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ ‘గెకో లాంటిదాన్ని’ అని కూడా ఉంటుంది. క్రోమ్ అన్న పేరు వీటి మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది.

ఎక్కువ దెబ్బలు తిన్నది మాత్రం ఒపేరానే. 2001లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన ఎమ్మెస్సెన్ సైట్ ఒపేరాను లోపలికి రానివ్వలేదు. గొడవ కావడంతో వెనక్కి తగ్గింది. 2003లో అదే సైట్ ఒపేరాకు తేడా డిజైన్ ఫైల్ పంపడంతో పేజీ పక్కకు జరిగి కనిపించింది. దీనికి ఒపేరా ఇచ్చిన జవాబు మామూలుగా లేదు. ఎమ్మెస్సెన్ పేజీని మాత్రమే ‘బోర్క్ బోర్క్’ భాషలోకి మార్చి చూపించే స్పెషల్ ఎడిషన్‌ను విడుదల చేసింది.

2009లో ఒపేరా 10 వచ్చినప్పుడు మరో తంటా. చాలా సైట్లు వెర్షన్ నంబర్‌లో మొదటి అంకె ఒక్కటే చదివేవి. 10ని 1 అనుకుని ‘మీది మరీ పాత బ్రౌజర్’ అని తిప్పి పంపేవి. చివరకు ఒపేరా తన పరిచయంలో 9.80 అనే రాసుకోవాల్సి వచ్చింది.

ఒపేరా సహ వ్యవస్థాపకుడు జాన్ ఫాన్ టెట్జ్‌నర్ తర్వాత వివాల్డీ బ్రౌజర్ తెచ్చారు. అక్కడా అదే కథ. క్రోమ్‌లో ఉన్న ఇంజినే ఇందులోనూ ఉంది. అయినా పేరు చూసి సైట్లు అడ్డుకున్నాయి. 2019 డిసెంబర్ వెర్షన్ నుంచి వివాల్డీ చాలా సైట్లకు తాను క్రోమ్ అనే చెబుతోంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పేరు దాచుకున్న బ్రౌజర్ సైట్ల లెక్కల్లో కనిపించదు. వివాల్డీ వాడేవాళ్లంతా క్రోమ్ ఖాతాలో పడతారు. ‘ఆ బ్రౌజర్ ఎవరూ వాడట్లేదు కదా, టెస్ట్ చేయడం దండగ’ అని సైట్ వాళ్లు అనుకుంటారు. మళ్లీ అడ్డుకుంటారు, మళ్లీ పేరు దాచాల్సి వస్తుంది.

దేశం మొత్తం ఒక్క బ్రౌజర్‌కు బందీ అయితే..

దక్షిణ కొరియాలో ఇదే జరిగింది. 1990ల చివర్లో బలమైన ఎన్‌క్రిప్షన్ టెక్నాలజీ ఎగుమతిపై అమెరికాలో ఆంక్షలు ఉండేవి. దీంతో కొరియా సీడ్ అనే సొంత పద్ధతిని తయారు చేసుకుంది. అది బ్రౌజర్లలో లేదు కాబట్టి యాక్టివ్ఎక్స్ ప్రోగ్రామ్‌తో అతికించారు. యాక్టివ్ఎక్స్ నడిచేది విండోస్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో. అలా బ్యాంకింగ్, షాపింగ్, ప్రభుత్వ సేవలు ఆ ఒక్క బ్రౌజర్‌కే ముడిపడిపోయాయి. ‘మై లవ్ ఫ్రమ్ ద స్టార్’ సీరియల్ హీరోయిన్ వేసుకున్న కోటు కొనాలని చైనా అభిమానులు ఆశపడినా కొరియా సైట్లలో కొనలేకపోతున్నారని 2014లో అప్పటి అధ్యక్షురాలు పార్క్ గెన్ హే స్వయంగా ప్రస్తావించారు. ఈ సిస్టమ్‌కు మూలమైన పబ్లిక్ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదా 2020 డిసెంబర్‌లో పోయింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది.

మన దగ్గర కూడా ‘ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే బాగుంటుంది’ అని కింద రాసుకున్న ప్రభుత్వ సైట్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వేర్వేరు బ్రౌజర్లలో టెస్ట్ చేయాలని ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు చెబుతున్నా పరిస్థితి అదే. దీని భారం ఖరీదైన ఫోన్లు ఉన్నవాళ్ల మీద పెద్దగా పడదు. 2017లో వచ్చిన జియోఫోన్‌నే తీసుకోండి. కోట్లలో అమ్ముడైన ఆ ఫోన్‌లో ఉన్నది ఫైర్‌ఫాక్స్ కుటుంబానికి చెందిన పాత ఇంజిన్. అందులో క్రోమ్ వేసుకునే వీలే లేదు. డేటా ఆదా కోసం ఒపేరా మినీ వాడేవాళ్లదీ ఇలాంటి ఇబ్బందే. అది పేజీని తన సర్వర్‌లో కుదించి ఫోన్‌కు పంపుతుంది. దాంతో కొన్ని ఫారాలు, పేమెంట్ పేజీలు మధ్యలోనే ఆగిపోతాయి. క్రోమ్ వాడండి అని చెప్పడం తేలికే. వేసుకోలేనివాళ్లు అప్లికేషన్ కోసం మళ్లీ మీసేవ కేంద్రానికో, నెట్ సెంటర్‌కో వెళ్లి డబ్బులిచ్చి చేయించుకోవాల్సిందే.

మీకు ఈ మెసేజ్ వస్తే ఏం చేయాలి?

ముందు బ్రౌజర్ అప్‌డేట్ చేయండి. బాగా పాత వెర్షన్లను బ్యాంకు సైట్లు అడ్డుకోవడంలో తప్పు లేదు, వాటిలో సెక్యూరిటీ లోపాలు ఉంటాయి. తర్వాత మెనూలో ‘డెస్క్‌టాప్ సైట్’ ఆన్ చేసి చూడండి. అప్పుడు మీ ఫోన్ తనను కంప్యూటర్‌గా పరిచయం చేసుకుంటుంది. మొబైల్ బ్రౌజర్లను ఆపే సైట్లు దీంతో ఓపెన్ కావొచ్చు. పేరు మార్చే ఎక్స్‌టెన్షన్లతో మాత్రం జాగ్రత్త. వాటిలో చాలావాటికి మీరు చూసే పేజీలను చదివే అనుమతి ఉంటుంది. తెలియనివాళ్లు చేసినవి పెట్టుకుని బ్యాంకు లాగిన్ చేయొద్దు. ఆ ఒక్క పనికి వేరే బ్రౌజర్ వాడుకోవడమే మేలు.

ఫైర్‌ఫాక్స్‌లో అయితే సైట్ పనిచేయడం లేదని రిపోర్ట్ చేసే ఆప్షన్ మెనూలోనే ఉంది. సమస్య ఉన్న కొన్ని సైట్ల లిస్టును ఫైర్‌ఫాక్స్ తనలోనే పెట్టుకుని, అవసరమైన చోట తన పరిచయాన్ని అదే మార్చుకుంటుంది. సైట్ హెల్ప్‌డెస్క్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు బ్రౌజర్ పేరు, వెర్షన్, స్క్రీన్‌షాట్ జతచేయండి. డెస్క్‌టాప్ సైట్ పెడితే ఓపెన్ అయిందా లేదా అన్నది కూడా రాయండి. అడ్డుపడుతున్నది బ్రౌజరా, వాళ్ల లిస్టా అన్నది తేల్చుకోవడానికి డెవలపర్‌కు ఆ ముక్క సాయపడొచ్చు.