పూత కింద నిజాయితీ

మా ఇటిక్యాల ప్రాంతపు ఇళ్లలో తాతల నాటి టేకు సందూకు కాస్త పగిలితే చాలు, బయటికి పోతోంది. సోదర సోదరీమణులారా! పారవేసే ముందు మన రాష్ట్రంలోనే ఉత్తరాన ఉన్న నిర్మల్ నకాషీల పనితనాన్ని గుర్తుచేసుకుందాం.

వారు తేలికైన పొణికి కర్రను చెక్కి, రంపపు పొట్టును చింతగింజల జిగురులో కలిపి అతుకులు పూడుస్తారు. దానిపై తెల్లమట్టి పూత, ఆపై రంగులు. మూలికల రసంతో తెచ్చే మెరుపు బంగారాన్ని తలపిస్తుంది. అయినా అందులో మోసం లేదు. అది బంగారమని చెప్పి ఎవరూ అమ్మరు.

చెదలు తిన్న కర్రను అదే జిగురుతో కప్పి, గట్టిదని అమ్మితే మాత్రం అది దగా. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న ధాన్యపు రాశిని చూసి, తడిసిన గింజలను పైనే ఉంచవలసిందని దైవప్రవక్త (స) వర్తకుణ్ణి మందలించిన వృత్తాంతాన్ని మదర్సాలో మేము పిల్లలకు బోధిస్తాము. ఆ బోధ కొయ్య సామానుకూ వర్తిస్తుంది.

పాత సందూకును బాగుచేయించుకుందాం, దుబారాను తప్పించుకుందాం. అమ్మవలసి వస్తే, అతుకు ఎక్కడ వేశారో కొనేవారికి ముందే చూపిద్దాం.