పండుకున్న బిడ్డను ఎత్తుకుంటామంటే.. చుట్టాలకు చెప్పేదెలా?

తిరుమలగిరి: కాన్పు అయిందన్న కబురు తెలిస్తే చాలు, చుట్టాలు బయల్దేరుతారు. సూర్యాపేట నుంచో జనగామ నుంచో బస్సు దిగేవాళ్లు కొందరు, ఆదివారం చూసుకొని హైదరాబాద్ నుంచి బండి మాట్లాడుకొని వచ్చేవాళ్లు ఇంకొందరు. వచ్చినవాళ్లు గంటో, గంటన్నరో ఉంటారు. సరిగ్గా ఆ టైమ్‌లోనే బిడ్డ నిద్రలో ఉంటుంది. "ఒక్కసారి ఇటియ్యి బేటా, మొహం చూసి పోత" అని ఖాలా చేతులు చాపుతుంది. ఇంతకుముందే కన్నంటిన బాలింత ఏమీ అనలేక తల్లి వైపు చూస్తుంది. తల్లి కూడా ఏమీ అనలేదు. బిడ్డను తీసి చేతుల్లో పెడతారు, ఐదు నిమిషాల్లో ఏడుపు మొదలవుతుంది. చుట్టాలు చాయ్ తాగి వెళ్లిపోతారు. ఏడ్చే బిడ్డ మాత్రం తల్లి దగ్గరే ఉంటుంది.

ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ దీని మీద మాటా మాటా పెరిగి, "మీ బిడ్డను ముట్టుకోనియ్యలేదు" అనే మాట ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇళ్లు ఉన్నాయి. అందుకే ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అనేది ముందే అనుకోవడం మంచిది.

ముందు బిడ్డ నిద్ర సంగతి. పుట్టిన కొత్తలో రోజుకు 14 నుంచి 17 గంటలు పండుకుంటారు. "అంతసేపు పండుకుంటది కదా, ఒకసారి లేస్తే ఏమైతది" అని చాలామంది అనేది అందుకే. అయితే ఆ గంటలన్నీ ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒక్కో విడత రెండు మూడు గంటలు దాటడం తక్కువ. పైగా మొదటి రెండు మూడు నెలలు బిడ్డకు ముందు తేలిక నిద్రే వస్తుంది. రెప్పల కింద కళ్లు కదులుతాయి, మూతి తిప్పుతుంది, ఉన్నట్టుండి నవ్వుతుంది. 'ఫరిష్తేలు ఆడిస్తున్నారు' అని పెద్దవాళ్లు అనేది ఆ నవ్వు చూసే. చుట్టాలకు ముద్దొచ్చేది అప్పుడే, బిడ్డ ఇట్టే లేచిపోయేదీ అప్పుడే. సుమారు 20 నిమిషాలు గడిచాక నిద్ర గట్టిపడుతుంది. చెయ్యి మెల్లగా లేపి వదిలితే మెత్తగా కింద పడిపోతుంది. అప్పటిదాకా ఆ బిడ్డను కదిలించకపోవడమే మేలు.

అసలు నష్టం బిడ్డ కన్నా తల్లికి ఎక్కువ. లెక్క వేస్తే తెలుస్తుంది. పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. పాలు పట్టడం, త్రేన్పు తీయడం, బట్టలు మార్చడం కలిపి ఒక్కోసారికి 40 నిమిషాలు అనుకుందాం. 10 సార్లకు 400 నిమిషాలు, అంటే 6 గంటల 40 నిమిషాలు. ఇందులో సగం రాత్రిపూటే. బాలింత కన్ను మూసేది బిడ్డ కన్ను మూసినప్పుడే. పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. అంటే చూడటానికి వచ్చిన ఇంట్లో బాలింత కడుపు మీద కుట్లతో ఉండే అవకాశమే ఎక్కువ. లేచిన బిడ్డను మళ్లీ జోకొట్టి పడుకోబెట్టాల్సింది ఆమే.

అయితే 'పండుకున్న బిడ్డను అసలే లేపొద్దు' అన్నది కూడా పూర్తి నిజం కాదు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గి, పది పదిహేను రోజుల్లో మళ్లీ పుట్టిన బరువుకు వస్తుంది. అప్పటిదాకా మూడు గంటలు దాటితే లేపి అయినా పాలు పట్టాలని డాక్టర్లు చెప్తారు. పాల కోసం తల్లి లేపడం వేరు, చూపించడానికి లేపడం వేరు.

ఇక చిల్లా మాట. కాన్పు తర్వాత 40 రోజులు తల్లీబిడ్డలను ఒక గదిలో పదిలంగా ఉంచే పద్ధతి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. పక్కింటి హిందూ కుటుంబాల్లోనూ పురుడు, 21వ రోజు ఉయ్యాల దాకా ఇలాంటి కట్టుబాట్లే ఉంటాయి. ఈ 40 రోజులను సర్కారు లెక్కతో కలిపి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. కోరింత దగ్గు నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా మొదటి డోసు పడేది ఆరు వారాలకు, అంటే అదే 42వ రోజుకు. అప్పటిదాకా బిడ్డకు ఆ రక్షణ లేదు. మనకు మామూలు దగ్గు అనిపించేది పసిబిడ్డకు ఊపిరాడని జబ్బు కావచ్చు. కాబట్టి జలుబు, దగ్గు ఉన్నవాళ్లు బిడ్డను ఎత్తుకోకపోవడం, మిగతావాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవడం, మూతి మీద ముద్దు పెట్టకపోవడం ఈ చిల్లాలో తప్పనిసరి. రెండు నెలల్లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగడం మానేసినా ఇంటి వైద్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

మరి చెప్పేదెవరు? కొత్త తల్లి చెప్తే 'పొగరు' అంటారు. తొలి కాన్పు ఎక్కువగా పుట్టింట్లోనే కాబట్టి నానీ చెప్పాలంటే సమ్ధన్ ముందు నోరు రాదు, పిల్లనిచ్చినవాళ్లం కదా అని జంకు. దాదీ, ఫుప్పీ వచ్చినప్పుడు ఇది మరీ కష్టం. అందుకే ఈ పని బిడ్డ తండ్రిదే. తనవాళ్లకు తనే ఒకరోజు ముందు ఫోన్ చేసి, "అమ్మీ, పదకొండింటికి లేస్తడు, ఆ టైమ్‌కు రండి" అంటే సగం గొడవ అక్కడే ఆగిపోతుంది. తండ్రి దగ్గర లేకపోతే ఆశా కార్యకర్త వచ్చిన రోజు అందరి ముందే ఆమెతో చెప్పించొచ్చు. ఇంటివాళ్లు చెప్తే నొచ్చుకునేవాళ్లు కూడా 'సిస్టర్ చెప్పింది' అంటే వింటారు.

గుమ్మంలోకి వచ్చేశాక మాత్రం 'వద్దు' అనే మాట వాడకపోవడమే తెలివి. "అబ్బీచ్ సోయా ఖాలా, ఉఠా తో పైలే ఆప్‌కీచ్ గోద్ మే దేతూం" అంటే ఎవరికీ కోపం రాదు. తెలుగు చుట్టాలైతే "ఇప్పుడే పండుకున్నడు చిన్నమ్మా, లేవంగనే ఫస్టు నీకే ఇస్త" అంటే సరి. అన్నాక ఆ మాట నిలబెట్టుకోవాలి, లేచాక నిజంగానే ముందు ఆమెకే ఇవ్వాలి. చేతిలో పైసలు పెట్టాలనుకునేవాళ్లు దిండు పక్కన పెట్టి దువా చేసి వెళ్లొచ్చు. నిద్రపోయే పిల్లల్ని అదే పనిగా చూస్తే నజర్ తగులుతుందని మన పెద్దవాళ్లే అంటారు, ఆ మాటను సరదాగా వాళ్లకే గుర్తుచేయడంలో తప్పులేదు. మతపరంగా అడిగేవాళ్లకు ఒక హదీసు ఉంది. ప్రవక్త ముహమ్మద్ (స) రాత్రి ఇంటికి వస్తే, మేలుకున్నవాళ్లకు వినపడేలా, నిద్రపోయేవాళ్లు లేవకుండా సలాం చేసేవారని మిఖ్దాద్ (రజి) చెప్పిన మాట సహీహ్ ముస్లింలో ఉంది.

చుట్టాలను దూరం పెట్టాలని కాదు, వాళ్ల ఒడి అవసరమయ్యే టైమ్ వేరే ఉంది. సాయంత్రం ఆరు దాటాక చాలామంది పసిబిడ్డలు కారణం లేకుండా ఏడుస్తారు. ఈ ఏడుపు ఆరు వారాల వయసులో అన్నిటికన్నా ఎక్కువ. పాలు తాగినా ఆగదు, బట్టలు మార్చినా ఆగదు. భుజాన వేసుకొని అటూ ఇటూ తిప్పే మనిషి కావాలి. దాదీ, ఖాలా, ఫుప్పీ ఎవరైనా సరే, ఆ రెండు గంటలు బిడ్డను పట్టుకుంటే తల్లి తిని కాసేపు నడుం వాలుస్తుంది. మధ్యాహ్నం పండుకున్న బిడ్డను గంటసేపు ఒళ్లో పెట్టుకొని ఫోటోలు దిగడం కన్నా ఈ సాయం ఎంతో పెద్దది. ఉండిపోయే చుట్టాలకు ఇదే అప్పజెప్పాలి. ఒక్కటే జాగ్రత్త: ఎత్తుకున్న మనిషికే కునుకు వస్తుంటే బిడ్డను వెంటనే గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

అఖీఖా రోజు పరిస్థితి వేరు. ఏడో రోజు అంటే తల్లి కుట్లు ఇంకా పచ్చిగానే ఉంటాయి, ఇంట్లో వందమంది. ఆ రోజు బిడ్డను లోపలి గదిలో ఉంచి, తలుపు దగ్గర ఇంటి పెద్దావిడ ఒకరు కూర్చుంటే చాలు. లేచి పాలు తాగాక పది నిమిషాలు బయటికి తెచ్చి అందరికీ చూపించి మళ్లీ లోపలికి తీసుకెళ్లొచ్చు.

గల్ఫ్‌లో ఉన్న తండ్రుల సంగతి కూడా చెప్పుకోవాలి. సౌదీలో డ్యూటీ దిగి రాత్రి 8కి వీడియో కాల్ చేస్తే ఇక్కడ 10:30. "కళ్లు తెరిచినప్పుడు చూపియ్యవా" అని అడుగుతారు, ఆ అడగడంలో తప్పేమీ లేదు. పొద్దున మేలుకున్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి పంపి, రాత్రి కాల్‌లో పండుకున్న మొహం చూపిస్తే సరిపోతుంది. సెలవు రోజు శుక్రవారం మాత్రం బిడ్డ లేచే టైమ్‌కే కాల్ చేయమని ముందుగా చెప్పుకోవచ్చు.